ఉపగ్రహానికి నేను దిద్దిన తప్పు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, మార్చి నెల మొదట్లో నాకు అనంతపురం పని అప్పగించారు. అప్పటికి నేను హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ శాస్త్రవేత్తను, ఉష్ణ చిత్రాల విభాగానికి అధిపతిని. అధిపతి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. విభాగంలో నాతో కలిపి ముగ్గురం, ఒక ఏసీ. ఆ ఏసీ కింద కూర్చుని ప్రపంచంలోని ఎడారులు, పొలాలు, పట్టణాలు ఎంత వేడెక్కాయో లెక్కకట్టడం మా పని. సహారా ఎడారి వేడి నాకు నోటికి వచ్చేది. మండు వేసవిలో నేలమీద ఉత్త కాళ్ళతో నిలబడింది మాత్రం చిన్నప్పుడే.

మా పని గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. టీవీలో చెప్పే ఉష్ణోగ్రత గాలిది, నీడలో కొలిచింది. మేము చూసేది నేల పైపొర వేడి. ఎండలో మిద్దెమీద వడియాలు పెట్టే ఇల్లాలికి ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. నేల వెదజల్లే వేడిమిని ఉపగ్రహం పైనుంచి పట్టుకుంటుంది, దాన్ని బట్టి నేల ఎంత కాలిందో మేము లెక్కకడతాం. చిక్కేమిటంటే, ఒకే వేడిలో ఉన్నా అన్ని నేలలూ దాన్ని ఒకేలా వెదజల్లవు. ఆ స్వభావానికి ఉద్గారత అని పేరు పెట్టి, ఒక్కో నేలకు ఒక్కో అంకె ఇస్తాం. ఆ అంకె ఎప్పుడూ ఒకటిని దాటదు. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను మర్చిపోయాను.

ఆ ఏడాది జిల్లాలో వేసవి తాగునీటి ప్రణాళిక తయారవుతోంది. ఏ మండలానికి ట్యాంకర్లు ముందు పంపాలో తేల్చడానికి బోర్ల మట్టంతో పాటు మా వేడి పటాన్ని కూడా చూడాలని అధికారులు అనుకున్నారు. ఎక్కువ కాలిన మండలం ముందు వరసలో ఉంటుంది. అయితే పటం ఇచ్చేముందు, ఉపగ్రహం చెప్పేది నిజమేనా అని నేలమీద ఒకచోట సరిచూసుకోవాలి. ఉపగ్రహం తలమీదుగా వెళ్ళే సమయానికి మనిషి అక్కడ నిలబడి కొలవాలి. విభాగంలో మిగతా ఇద్దరికీ చిన్నపిల్లలున్నారు. నాకు అనుభవం ఉందన్నారు. ఏసీ గదిలో సంపాదించిన అనుభవానికి అది మొదటి శిక్ష.

రాయదుర్గానికి అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊరిని ఎంచుకున్నాను. ఆ ఊరి పేరు రాయను. వాళ్ళు నన్ను మర్చిపోయి ఉంటే గుర్తుచేయడం నాకే నష్టం. ఊరికి ఆనుకునే ఎర్రమట్టి చేను ఒకటి, వేరుశనగ పీకేశాక బీడుగా పడివుంది. చెట్టూ చేమా లేదు. ఉపగ్రహానికి అంతకన్నా మంచి చేను దొరకదు. చేను యజమానురాలు ఓబులమ్మ, యాభై దాటిన మనిషి, బోరు ఎండిపోయిన మనిషి. నేను చేలో అటూ ఇటూ అడుగులు వేసి కొలుచుకుంటుంటే గట్టుమీద నిలబడి చూసింది.

"నా చేన్లో ఏముండాది సార్? వజ్రాలేమన్నా కనపడినాయా?" అని అడిగింది. వానలు పడగానే ఆ జిల్లాలో జనం వజ్రాలకోసం చేలు వెతకడం మామూలే. వజ్రాలు కాదమ్మా, నేల వేడి కొలుస్తామని చెప్పాను.

"వేడి కొలిచేకి హైదరాబాదు నుంచి వచ్చినావా?" అంది. నేను ఉపగ్రహం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపికగా విని, "సరే, ఇంట్లోకి రా సార్, కాళ్ళు కడుక్కోని మజ్జిగ తాగి పో" అంది. టైము లేదని చెప్పాను. చెప్పేటప్పుడు వాచీ చూసుకున్నాను కూడా. పెద్ద ఆఫీసర్లు అలాగే చూసుకుంటారు.

చేలో అక్కడక్కడా సున్నం పూసిన రాళ్ళు గుర్తులుగా పాతించాను. పద్ధతి ఏమిటంటే, ఉపగ్రహం దాటే వేళకు, అంటే పొద్దున పదిన్నర దాటాక, ఒక్కో రాయి దగ్గర ఆగి, తుపాకీలాంటి థర్మామీటరును నేలకు గురిపెట్టి అంకె రాసుకోవడం. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన మిషను లాంటిదే, కాస్త ఖరీదైనది. ఊళ్ళో పిల్లాపెద్దా గట్టుమీద చేరి, సారు భూమికి జరం చూస్తాండాడని చెప్పుకునేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. నిజానికి అంతకన్నా బాగా నా పనిని ఎవరూ వర్ణించలేదు.

వచ్చే ప్రతిసారీ నియమం ప్రకారం టూర్ ప్రోగ్రామ్ ముందే తహసీల్దారు కార్యాలయానికి పంపేవాణ్ణి. అక్కడినుంచి అది ఊరి రెవెన్యూ అధికారి రామాంజనేయులుకు చేరేది. నేను ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ చేలో దిగుతానో ఊరంతటికీ వారం ముందే తెలిసిపోయేది. ముప్పై ఏళ్ళ సర్వీసులో టూర్ ప్రోగ్రామ్ పంపకుండా గడప దాటని మనిషిని నేను. అందుకు నాకు ఒకసారి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

అనంతపురం గెస్ట్‌హౌస్ నుంచి జీపులో బయల్దేరితే దారిలో ఒక చిన్న హోటలు. అక్కడ బొరుగులతో చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. మొదటిరోజే అలవాటైపోయింది. డ్రైవర్ మస్తాన్ రాయదుర్గం మనిషి, నేను చెప్పకుండానే అక్కడ బండి ఆపేవాడు. నేను రెండు ప్లేట్లు తిని, టీ తాగి, తీరిగ్గా పదిగంటలకు చేలో దిగేవాణ్ణి.

కొలతలు మొదలయ్యాయి. ఉపగ్రహం చెప్పిన దానికన్నా నా తుపాకీ ఐదారు డిగ్రీలు తక్కువ చూపించింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. ఒకసారి తేడా వస్తే పరికరాన్ని అనుమానిస్తాం, మూడుసార్లు వస్తే సిద్ధాంతం పుట్టిందనుకుంటాం, ఇది మా వృత్తిలో ఉన్న దురభ్యాసం. ఉపగ్రహం తప్పు చెబుతోందని తేల్చేశాను.

సాక్ష్యం నా కళ్ళముందే ఉంది. సున్నపు రాళ్ళ చుట్టూ మట్టి కాస్త ముదురు రంగులో కనిపించేది. దాన్ని ఫొటో తీసి, ఈ మట్టికి రాత్రి తేమను పట్టివుంచే గుణం ఉందని రాశాను. ఏప్రిల్ నెలలో, అనంతపురం జిల్లాలో, రాత్రి తేమ. రాళ్ళ చుట్టూనే ఎందుకు అని అడగాల్సిన మనిషిని నేనొక్కణ్ణే. అడిగాను కూడా. రాతి నీడలో తేమ నిలుస్తుందని ఇంకో వాక్యం చేర్చి నా నోరు నేనే మూసుకున్నాను.

ఇక ఆ మట్టికి కొత్త ఉద్గారత ఇవ్వాలి. ఆ అంకె పెంచితే లెక్కలో నేల వేడి తగ్గుతుంది, కానీ ఐదారు డిగ్రీలు తగ్గించాలంటే అంకె ఒకటిని దాటిపోతోంది. అటువంటి మట్టి సృష్టిలో లేదు. అక్కడ ఆగాల్సింది. నేను ఆగలేదు, ఒకటికి వెంట్రుకవాసి కింద అంకెను ఆపి, మిగిలిన తేడాను గాలిలోని తేమ మీదికి తోశాను. ఆ గాలికి తేమ ఉంటే ఓబులమ్మ బోరు ఎందుకు ఎండుతుందని తోచలేదు. దీనికి ఎర్రమట్టి సవరణ గుణకం అని పేరుపెట్టి, పై అధికారులకు నోట్ పంపాను. ఎప్పటికైనా దానికి నా పేరు పెడతారని లోపల ఒక చిన్న ఆశ. మా ఆవిడతో కూడా అన్నాను. ఆవిడ కందిపప్పు ఏరుతూ, సరేలెండి అంది.

గుణకాన్ని పడమటి ఎర్రనేలలన్నిటికీ వర్తింపజేశాం. పటం మీద ఎర్రగా మండుతున్న ఆ ఊరి మండలం పసుపురంగుకు తిరిగింది. ట్యాంకర్ల ముసాయిదా జాబితాలో ముందు వరస నుంచి వెనక్కి జారింది. నేను దాన్ని గమనించాను. గమనించి, శాస్త్రానికి మొహమాటం ఉండకూడదు అనుకున్నాను. ఆ మాట ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. కమిటీ సమావేశం జరిగి జాబితా ఖరారు కావడమే మిగిలింది.

నాలుగోసారి వెళ్ళింది గుణకాన్ని ఇంకా గట్టిపరచడానికి. ఆ పొద్దున హోటల్ తలుపులు మూసివున్నాయి. మస్తాన్ దిగి కనుక్కుని వచ్చి, "పెండ్లికి పోయినారంట సార్. ఈరోజు ఉగ్గాణి ల్యా" అన్నాడు. ఆకలితో, చిరాకుతో గంట ముందే ఊరు చేరాం. నా పరిశోధనలో కీలకమైన మలుపు ఇదే. నా తెలివితేటలు కాదు, ఒక హోటలువాళ్ళ ఇంట్లో పెళ్ళి.

చేలో పదిమంది దాకా ఆడవాళ్ళున్నారు. చంకల్లో ప్లాస్టిక్ బిందెలు, చేతుల్లో చెంబులు. ఒక్కో సున్నపు రాయి చుట్టూ వంగి, ఇంటిముందు కళ్ళాపి చల్లినంత శ్రద్ధగా నీళ్ళు చల్లుతున్నారు. గట్టుమీద రెవెన్యూ రామాంజనేయులు నిలబడి, "ఆ మూల రాయి కాడ ఇంగొంచెం పోయండప్పా, సారు ఆడ చానాసేపు నిలబడతాడు" అని పురమాయిస్తున్నాడు.

నేను జీపు దిగి అలాగే నిలబడిపోయాను. నన్ను చూసి రామాంజనేయులు కంగారుపడ్డాడు. ఆలస్యం చేశామని నేను కోప్పడతాననుకున్నాడు. "అయిపాయ సార్, ఇంగ రెండు రాళ్ళే ఉండాయి" అన్నాడు.

ప్రతిసారీ ఇలాగే చేస్తారా అని అడిగాను. ప్రతిసారీ చేస్తామని, టూర్ ప్రోగ్రామ్ రాగానే అందరికీ చెప్పిపెడతానని గర్వంగా చెప్పాడు. ఎందుకు అన్నాను. ఓబులమ్మ బిందె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"ఇంటికొచ్చిన మనిషికి కాళ్ళకు నీళ్ళియ్యకుండా ఎట్ల సార్? నువ్వు ఇంట్లోకి రమ్మంటే రావు, చేన్లోనే నిలబడతావు. అందుకే ఆడికే తెచ్చిస్తాండాము. నేల కాలిపోతాంటాది గదా."

మిగతా సంగతి రామాంజనేయులు చెప్పాడు. సారు పెద్ద ఆఫీసరని, సారు మనసు మనూరి మీద పడితే ట్యాంకర్లు పెరుగుతాయని తనే ఊళ్ళో చెప్పాడట. ఈ నీళ్ళు ఎక్కడివని అడిగాను. అడుగుతుండగానే జవాబు నాకు తెలిసింది. ట్యాంకర్‌వే. ఊరికి రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకర్‌లో నుంచి, నేను వచ్చే రోజుకని ఇంటికో బిందె పక్కన పెడుతున్నారు.

ఒక రాయి మీద కూర్చున్నాను. కింద మట్టి చేతికి చల్లగా తగిలింది. అదే నా రాత్రి తేమ.

దాచి లాభం లేదని మొత్తం చెప్పాను. మీరు చల్లిన నీళ్ళను నేను మట్టి గుణం అనుకున్నానని, మీ ఊరు చల్లగా ఉందని పైకి రాశానని, దానితో మండలం జాబితాలో వెనక్కి పోయిందని. రామాంజనేయులు మొహం మాడిపోయింది. ఓబులమ్మే అడిగింది.

"అంటే, నీకు నీళ్ళిచ్చి మా నీళ్ళు పోగొట్టుకున్నామా సార్?"

అవునన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది. బిందెలో మిగిలిన నీళ్ళు చూసుకుని, ఒక్క చుక్క ఒలకకుండా ఎత్తుకుని ఇంటికి పోయింది. నాకు చాలా సిగ్గేసింది. మస్తాన్ జీపులో కూర్చుని అద్దం తుడుస్తున్నాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

సిగ్నల్ కోసం రోడ్డుదాకా నడిచి మా డైరెక్టర్ మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆమె నాకన్నా చిన్నది, హోదాలో పెద్దది. అంతా విని, ఒకటికి అంత దగ్గరగా ఉన్న ఎర్రమట్టిని తానెన్నడూ చూడలేదని, అయితే నేను సీనియర్‌ను కాబట్టి చూసివుంటానని తాను అనుకున్నానని చెప్పారు. అంతకన్నా మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు. నోట్ వెనక్కి తీసుకోవాలంటే నీళ్ళు చల్లారన్న మాట ఒక్కటీ చాలదు, ఒక శుభ్రమైన కొలత కావాలి. ఎండిన నేలమీద, మబ్బులేని రోజున. కమిటీ కూర్చునేలోపు ఉపగ్రహం అటువైపు ఇంకొక్కసారే వెళుతుంది. అది తప్పితే జాబితా నా గుణకంతోనే ఖరారవుతుంది.

ఆ వారం అనంతపురంలోనే ఉండిపోయాను. రామాంజనేయులుకు రోజూ ఫోన్ చేసి, చేలో ఎవరూ అడుగుపెట్టకుండా చూడమని బతిమాలేవాణ్ణి. చివరికి అతనే, "ఏమప్పా సార్, కుక్కను గూడా రానిస్తాల్యా" అన్నాడు. ఆసారి టూర్ ప్రోగ్రామ్ పంపలేదు. సర్వీసులో అదే మొదటిసారి. రాత్రి నిద్ర పట్టలేదు, నేల వేడి గురించి కాదు, నియమం తప్పినందుకు.

ఆ పొద్దున ఏమీ తినకుండా వెళ్ళాను. చేరేసరికి తూర్పున ఒక మబ్బు. చిన్నదే, తెల్లగా, మెల్లగా మావైపే వస్తోంది. మబ్బు అడ్డమొస్తే ఉపగ్రహానికి నేల కనిపించదు, నా కొలత చెల్లదు, ఊరికి ట్యాంకర్లు లేవు. మబ్బు రాకూడదని మనసులో మొక్కుకున్నాను. గాభరాలో బయటికే అనేశానట. ఆ నేలమీద నిలబడి అలా మొక్కుకున్న మొదటి మనిషిని నేనే అయివుంటాను. గట్టుమీద కూర్చున్న ఓబులమ్మ, "ఆ మాట గట్టిగా అనద్దు సార్, ఈడ యెవురన్నా వింటే కొడతారు" అంది. వారం రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. తిట్టయినా ప్రాణం లేచివచ్చింది.

మబ్బు ఊరి అంచుదాకా వచ్చి, దక్షిణానికి తిరిగి కర్ణాటకలోకి పోయింది. మస్తాన్ గొడుగు తెచ్చాడు. నీడ పడితే నేల చల్లబడుతుందని వద్దన్నాను. ఒక్కో రాయి దగ్గర ఆగి కొలుస్తూ వెళ్ళాను. మట్టి ఎక్కడా ముదురు రంగులో లేదు. బూటు అడుగు నుంచి వేడి తగులుతోంది. తుపాకీలో అంకెలు మొదటిసారి నిజమైన అంకెల్లా కనిపించాయి. ఆఖరి రాయి దగ్గర అంకె రాసుకున్నాక చేను కొద్దిగా పక్కకు ఒరిగినట్టయింది. నిజానికి ఒరిగింది నేను. కూలబడ్డాను.

కళ్ళు తెరిచేసరికి మస్తాన్ నా నెత్తిన గొడుగు పట్టుకుని ఉన్నాడు. ఓబులమ్మ చేతిలో చెంబుతో వచ్చి, చేనులోకి దిగకుండా గట్టుమీదే ఆగిపోయింది. నేలమీద ఒక చుక్క పడుతుందని ఆమె భయం.

"అయిపాయనా సార్ నీ కొలత?" అని అడిగింది.

అయిందన్నాను.

"అయితే ఇప్పుడు పోయొచ్చునా?"

పొయ్యమన్నాను. చెంబెడు నీళ్ళు నెత్తిమీద పోసింది. తర్వాత ఇద్దరూ నన్ను లేపి ఇంటికి తీసుకుపోయారు. గడప ముందు ఆమె మళ్ళీ చెంబుతో నీళ్ళిచ్చింది. బూట్లు విప్పి కాళ్ళు కడుక్కున్నాను. మజ్జిగ తాగాను. అంతా కలిపి పావుగంట పట్టింది. మొదటిరోజే ఈ పావుగంట నా దగ్గర లేకపోయింది.

హైదరాబాదులో లెక్క చూస్తే నా అంకెకూ ఉపగ్రహం అంకెకూ డిగ్రీ తేడా కూడా లేదు. ఉపగ్రహం మొదటినుంచీ నిజమే చెబుతోంది. గుణకాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు నోట్ రాశాను. కారణం అనే చోట "అతిథి మర్యాద" అని రాస్తే మేడమ్ కొట్టేసి, "కొలత స్థలంలో బయటినుంచి చేరిన తేమ" అని దిద్దారు. పటం మళ్ళీ ఎర్రబడింది. మండలం ముందు వరసలోకి వచ్చింది. ఆ వేసవి ఆ ఊరికి ట్యాంకర్ రోజూ వచ్చిందని రామాంజనేయులు ఫోన్‌లో చెప్పాడు. నా గుణకానికి నా పేరు పెట్టలేదు. మా విభాగంలో చాలాకాలం దాన్ని ఉగ్గాణి గుణకం అన్నారు.

మిగిలిన రెండేళ్ళలో మరికొన్ని జిల్లాలకు కొలతలకు వెళ్ళాను. టూర్ ప్రోగ్రామ్ మళ్ళీ పంపడం మొదలుపెట్టాను, అలవాటు పోదు. కానీ క్రమం మార్చుకున్నాను. ఎక్కడికి వెళ్ళినా ముందు ఎవరింటికైనా వెళ్ళి, ఇచ్చిన నీళ్ళతో గడప ముందు కాళ్ళు కడుక్కుని, ఆ తర్వాతే చేనులోకి దిగేవాణ్ణి. ఈ పద్ధతి మా మాన్యువల్‌లో లేదు. ఉండాలి. ఇంటి ముందు పుచ్చుకోకపోతే ఆ నీళ్ళు చేలోకి, చేలోనుంచి లెక్కలోకి వస్తాయి.